‘దివా’ సొంతగడ్డ మీద మొదట ఎందుకు ఎక్కలేదు?

జాన్-జాక్ బెనెక్స్ తీసిన ఫ్రెంచి సినిమా ‘దివా’ (1981) నిన్న రాత్రి రెండోసారి చూశాను. తన గొంతు రికార్డు చేయనివ్వని ఒపెరా గాయని, ఆమె పాటను దొంగచాటుగా టేపు చేసుకున్న పోస్ట్‌మన్ కుర్రాడు, వాడి వెంటపడే రౌడీలు. ఆ కుర్రాడు మోపెడ్‌తో సహా పారిస్ మెట్రోలోకి దూసుకుపోయే సీను చూస్తూ చేతిలో టీ చల్లారబెట్టుకున్నాను!

అలాంటిది, విడుదలప్పుడు ఫ్రాన్స్‌లో విమర్శకులు పెదవి విరిచారని, జనమూ పెద్దగా రాలేదని చదివి ఆశ్చర్యపోయాను. అమెరికాలో రోజర్ ఈబర్ట్ లాంటి విమర్శకులు బాగా మెచ్చుకున్నారు. 1982లో ఫ్రాన్స్‌లోనే 4 సెజార్ అవార్డులూ (అక్కడి జాతీయ సినిమా అవార్డులు) వచ్చాయి. తర్వాత దీన్ని ‘సినిమా ద్యు లుక్’ (కథకన్నా కంటికింపైన దృశ్యాలకు పెద్దపీట వేసే 1980ల ఫ్రెంచి సినిమాల ధోరణి) గాటన కట్టారు. సోకే తప్ప సరుకు లేదన్న ఎత్తిపొడుపు అందులో ఉన్నట్టుంది. మా తమ్ముడిదీ అదే మాట. ‘యాడ్ ఫిల్మ్‌లా ఉంది’ అని సగంలో లేచిపోయాడు.

ఫ్రెంచి సినిమాలు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. అప్పటి విమర్శకులకు నచ్చనిది సినిమాలోని ఆ నీలి వెలుగులేనా, కథలో లోపమా? 1981 నాటి ఫ్రెంచి సమీక్షలు ఇంగ్లీషులోనైనా ఎక్కడ దొరుకుతాయి? అప్పట్లో థియేటర్లో చూసినవాళ్లుంటే మరీ సంతోషం.