రియోపెల్ ప్రింట్ ఒకటి మా ఇంటికొచ్చింది, దీని విలువ ఎలా తెలుసుకోవాలి?

మేడమీద_మాంట్రియల్:
అందరికీ నమస్కారం. మేం మాంట్రియల్‌లో ఒక డ్యూప్లెక్స్‌లో పైన అద్దెకుంటాం. కింద ఉండే ఓనరమ్మ, ఎనభై దాటిన ఫ్రెంచ్ ఆవిడ, పోయిన నెల సీనియర్స్ హోమ్‌కి మారిపోతూ తన హాల్లో ఉన్న బొమ్మ ఒకటి మా పాపకి ఇచ్చి వెళ్లారు. పాప స్కూల్ నుంచి రాగానే ఆవిడ దగ్గర కూర్చునే ఫ్రెంచ్ హోంవర్క్ చేసుకునేది. ఫ్రేము వెనక చిన్న కాగితం మీద "రియోపెల్, లితోగ్రాఫ్" అని చేత్తో రాసి ఉంది. లితోగ్రాఫ్ అంటే రాతి పలక లాంటిదాని మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసినదట. కెనడా చిత్రకారుడు జాన్ పాల్ రియోపెల్, అదే 2023లో ఆయన శతజయంతికి రెండు డాలర్ల నాణెం వేశారు కదా, ఆయన.

నెట్‌లో చూస్తే ఆయన బొమ్మ ఒకటి ఏడు మిలియన్లకి పైగా పలికిందని ఉంది, ఇంకోచోట ప్రింటు వంద డాలర్లకే ఉంది, నాకు తల తిరిగిపోయింది. మాది సుమారు 38 బై 55 సెంటీమీటర్లు, సంతకం కనపడటం లేదు, నంబరూ లేదు, పైగా నట్టనడుమ నిలువుగా సన్నటి మడత గీత ఉంది. ఆ మడత వల్ల విలువ పోయిందా? అసలు నా టెన్షన్ వేరే. ఇది నిజంగా వేల డాలర్లదైతే ఆవిడ తెలిసే ఇచ్చారా, తీసుకోవడం న్యాయమేనా అని రెండు వారాలుగా నిద్ర పట్టడం లేదు.

ఫ్రేముల_పని:
ముందు ఆ ఏడు మిలియన్ల మాట మర్చిపోండి అమ్మా. అది 1952-53లో కాన్వాస్ మీద వేసిన ఆయిల్ పెయింటింగ్, 2017లో హెఫెల్ వేలంలో 7.4 మిలియన్ కెనడియన్ డాలర్లు పలికింది. పేలెట్ నైఫ్‌తో, అంటే రంగులు కలిపే పలచని కత్తితో, రంగు మందంగా పెట్టి మొజాయిక్‌లా చేసిన ఆ 1950ల కాన్వాసులదే పై రేటు. ఆయనవే అయినా తర్వాతి కాలం పెయింటింగులకి ఆ ధర రాదు, ఇక ప్రింట్లది పూర్తిగా వేరే మార్కెట్.

నేను ఫ్రేమింగ్ షాపులో ఎనిమిదేళ్లు పనిచేశాను, ఆ మడత గీత చదవగానే నాకు విషయం సగం అర్థమైంది. అది దెబ్బ కాకపోవచ్చు. పారిస్‌లో మాగ్ట్ గ్యాలరీ వాళ్లు "డెరియేర్ ల మిర్వార్" అని ఒక పత్రిక వేసేవారు, 1946 నుంచి 1982 వరకు. దాని పేజీ సుమారు 38 బై 28, రెండు పేజీలు కలిపి పరిస్తే 38 బై 56, మీ కొలత అదే. కుట్టు, పిన్నులు లేకుండా విడి కాగితాలు మడిచి పెట్టేవారు. రియోపెల్‌కి వాళ్లు చాలా సంచికలు కేటాయించారు, లోపల లితోగ్రాఫులు ఉండేవి. జనం వాటిని తీసి ఫ్రేము కట్టించుకున్నారు. అది ఒరిజినల్ లితోగ్రాఫ్ అనడం అబద్ధం కాదు, కానీ సంతకం, నంబరు లేకుండా వేల కాపీల్లో వచ్చింది కాబట్టి ధర మామూలుగా వందల్లోనే ఉంటుంది.

రూఢి చేసుకోవాలంటే ఫ్రేము వెనక భాగం విప్పించండి, మీరే విప్పొద్దు, పాత జిగురు కాగితాన్ని లాగేస్తుంది. వెనకవైపు ఫ్రెంచ్ అక్షరాలు గానీ ఇంకో బొమ్మ గానీ అచ్చై ఉంటే పత్రికలోదే. తర్వాత భూతద్దం పెట్టి చూడండి, వరసగా గుండ్రంగా పేర్చినట్టు చుక్కలు కనిపిస్తే ఆఫ్‌సెట్ ముద్రణ, అంటే పోస్టరు లాంటిది. లితోలో రంగు గరుకుగా, క్రమం లేని రేణువుల్లా ఉంటుంది. ఇంకొకటి, ఇలాంటి మడత పేజీ మీద ఎవరైనా పెన్సిల్ సంతకం చూపించి ఎక్కువ రేటు చెబితే కంగారుపడి కొనకండి, సంతకం తర్వాత చేర్చిన సందర్భాలు ఉంటాయి.

బంజారాహిల్స్_టు_టొరంటో:
పైన చెప్పింది నిజం. మా నాన్నగారు ఎప్పుడో హైదరాబాద్‌లో చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్ (లోహపు పలక మీద గీసి తీసిన అచ్చు) ఒకటి కొన్నారు, దానికి కింద ఎడమవైపు పెన్సిల్‌తో కాపీ నంబరు, మొత్తం ఎన్నో భిన్నంలా రాసి, కుడివైపు సంతకం ఉంటాయి. రియోపెల్ విడిగా వేసిన ప్రింట్లకీ ఇదే పద్ధతి. భిన్నం బదులు "ఇ.ఎ." అని ఉంటే ఆర్టిస్టు తనకోసం ఉంచుకున్న కాపీ. ఆయన ప్రింట్లన్నిటినీ నమోదు చేసిన కేటలాగును కూతురే తయారుచేశారు, పెద్ద లైబ్రరీల్లో అడిగితే చూడొచ్చు. కొలత, కాగితం దాంతో సరిపోవాలి.

రేటు కోసం ఈబేలో అమ్మేవాళ్లు పెట్టిన ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. హెఫెల్, వాడింగ్టన్స్, కౌలీ ఆబట్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వేలంలో కొన్నవాడు కట్టింది ఒకటి, కమీషన్ పోను అమ్మినవాడి చేతికొచ్చేది ఇంకొకటి. ఇన్సూరెన్స్‌కి రాసేది మళ్లీ కొత్తగా కొనాలంటే అయ్యే ఖర్చు, అది అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. అందుకే "విలువెంత" అని అడిగితే ఎందుకోసం అని ఎదురు అడుగుతారు. ట్యాక్స్ గురించి భయం వద్దు, కెనడాలో బొమ్మలు, ప్రింట్లు అమ్మితే కొన్న ధర, అమ్మిన ధర రెండూ వెయ్యి డాలర్ల లోపల ఉన్నప్పుడు క్యాపిటల్ గెయిన్, అంటే అమ్మకం మీద వచ్చే లాభం, పన్ను లెక్కలోకి రాదు.

మేడమీద_మాంట్రియల్:
శనివారం ఫ్రేము షాపుకి తీసుకెళ్లాను. వెనక ఫ్రెంచ్ వ్యాసం అచ్చై ఉంది! రంగులు బాగున్నాయి, మౌంటు అట్ట మాత్రం పాతదై అంచుల చుట్టూ గోధుమరంగు చార పడింది.

ఫ్రేముల_పని:
ఆ అట్టలోని ఆమ్లమే కాగితాన్ని కాల్చింది. యాసిడ్ ఫ్రీ అట్ట వేయించండి, బొమ్మకి జిగురు తగలకూడదు, అల్ట్రావయొలెట్ ఆపే గాజు పెట్టించండి. మడత ఇస్త్రీ చేసి పోగొడతామంటే ఒప్పుకోకండి. చార ఉన్న అంచు కత్తిరించడానికి అసలే ఒప్పుకోవద్దు, అంచు తెగిన ప్రింటుని కొనేవాళ్లు ముట్టుకోరు.

మేడమీద_మాంట్రియల్:
అలాగేనండి, చాలా థాంక్స్. ఉండబట్టలేక ఓనరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆవిడకి మొత్తం తెలుసు. పెళ్లైన కొత్తలో భార్యాభర్తలు పారిస్ వెళ్లినప్పుడు ఆ సంచిక కొన్నారట, అందులో ఇద్దరికీ నచ్చిన బొమ్మలు రెండే తీసి ఫ్రేము కట్టించారట. రెండోది ఆవిడ కొత్త గదిలో, మంచానికి ఎదురుగా ఉందట. ఆదివారం పాపని తీసుకుని చూడ్డానికి వెళ్తున్నాం.