క్రోషేతో ఆట ఇడ్లీ, వడ, లడ్డు: కొత్తగా అల్లేవారి సందేహాలు

ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. పాపకు మూడేళ్ళు నిండుతున్నాయి, చిన్నోడికి ఏడాది. లక్కపిడతలతో ఆడేటప్పుడు వడ్డించుకోవడానికి ఇడ్లీ, వడ, లడ్డు, టమోటా క్రోషేతో అల్లి ఇద్దామని అనుకుంటున్నాను. క్రోషేలో మొదట నేర్పే చైను, సింగిల్ క్రోషే కుట్లు వచ్చు, అంతకు మించి రాదు. ఇడ్లీ మొదలుపెడితే నాలుగో వరసకే గిన్నె మాదిరి ముడుచుకుంటోంది. కుట్ల మధ్య సందులు కూడా కనిపిస్తున్నాయి. వాడుతున్నది 4 ప్లై ఆక్రిలిక్ ఊలు, 4 మి.మీ. సూది. తప్పు ఎక్కడుంది? ఇంకా ఏమేం కొనాలి?

జవాబు (తిరుపతి నుంచి)

చెల్లీ, ఇవి రెండు వేర్వేరు తప్పులు. విడివిడిగా చూద్దాం.

సందులకు కారణం సూది. ఊలు చీటీ మీద రాసే సైజు స్వెట్టర్లకు, శాలువలకు. వాటికి బట్ట మెత్తగా జారాలి. బొమ్మకు అలా కాదు, లోపల నింపింది కనబడనంత బిగువు కావాలి. అందుకని చీటీ మీదున్న దానికన్నా ఒకటి రెండు సైజులు తగ్గించి పట్టుకోవాలి. మీ ఊలుకి 3 మి.మీ. సరిపోతుంది, చెయ్యి వదులైతే 2.5. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నరసాపురం లేసు అల్లే సన్న స్టీలు సూది ఉంటే దాన్ని మాత్రం తియ్యకండి. అది సన్న నూలు దారం కోసం చేసింది, ఊలు దాని కొక్కెంలో పట్టక చీలిపోతుంది.

గిన్నెలా ముడుచుకోవడానికి కారణం లెక్క. సింగిల్ క్రోషేలో గుండ్రం చదునుగా పరుచుకోవాలంటే వరసకు 6 కుట్లు పెరగాలి: 6, 12, 18, 24, 30. ఒక్క వరసలో రెండు పెంపులు (పెంపు అంటే ఒకే కుట్టులో రెండు వేయడం) మరిచిపోయినా అంచు లోపలికి లాగుతుంది. ఎక్కువ పెంచితే అంచు గౌను కుచ్చిళ్ళ మాదిరి అలలు తేలుతుంది. మీ నాలుగో వరసలో 24 ఉన్నాయేమో లెక్కపెట్టి చెప్పండి.

ఒకటి ముందే చూసుకోండి. ఇంగ్లీషు పుస్తకం చూసి అల్లుతుంటే అది అమెరికా పద్ధతిదా, బ్రిటన్ పద్ధతిదా? అమెరికావాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్‌వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. అది తెలియక పొడుగు కుట్టు వేస్తే ఇడ్లీ జల్లెడ అవుతుంది.

అడిగినవారు

లెక్కపెట్టాను అక్కా, 21 వచ్చాయి. ప్రతి వరసా ఎక్కడ మొదలైందో గుర్తు తెలియడం లేదు. మొదటి రింగు కూడా వదులై మధ్యలో చిల్లు పడుతోంది.

జవాబు (తిరుపతి నుంచి)

21 అంటే మూడు పెంపులు పోయాయి. వరస మొదటి కుట్టుకి ఒక పిన్నీసు తగిలించండి, లేదా వేరే రంగు దారం ముక్క అడ్డంగా పెట్టండి. ప్రతి వరసకూ దాన్ని కొత్త మొదటి కుట్టుకి మార్చుకుంటూ పోవాలి. స్లిప్ స్టిచ్‌తో (సూది కుట్టులో దూర్చి దారం లాగి, సూది మీదున్న పోగులోంచి కూడా ఒకేసారి లాగేసే కుట్టు) వరస మూయకుండా సుళ్ళు తిరిగినట్టు అల్లుకుంటూ పోవడమే బొమ్మలకు మంచిది. మూస్తే పక్కన వంకర గీత పడుతుంది.

మ్యాజిక్ రింగుకి (దారాన్ని వేలికి చుట్టి, లాగితే బిగిసే ఉచ్చులా వేసే మొదటి రింగు) తోక దారం 15 సెం.మీ. అయినా వదలండి. ఆరు కుట్లు వేశాక తోక లాగితే చిల్లు మూసుకుంటుంది. ఆక్రిలిక్ జారుడుగా ఉంటుంది కాబట్టి అంతటితో ఆపకూడదు. అదే తోకను కన్నున్న ఊలు సూదికి ఎక్కించి ఆ ఆరు కుట్ల కాళ్ళ కింద నుంచి రెండు చుట్లు తిప్పి, తర్వాత ఎదురు దిశలో మూడు నాలుగు కుట్ల గుండా లాగాలి. అలా కట్టిన రింగు పిల్లలు పీకినా ఊడదు. రింగు చేతికి రాకపోతే రెండు చైన్లు వేసి, సూది నుంచి రెండో చైనులో ఆరు సింగిల్స్ వేసినా సరిపోతుంది. మధ్యలో చిన్న రంధ్రం మిగులుతుంది, తోకతో కుట్టేయండి.

ఇక ఇడ్లీ. మొదటి బొమ్మగా ఇదే సరైనది. పెంచడం, సమంగా అల్లడం, రెండు ముక్కలు కలపడం, మూడూ ఇందులో వస్తాయి. దోసెతో మొదలుపెట్టొద్దు, చదునుగా ఉండాల్సిన పెద్ద ముక్కలో ప్రతి చిన్న తప్పూ బయటపడుతుంది.

పై ముక్క: రింగులో 6. రెండో వరస ప్రతి కుట్టులో రెండేసి, 12. మూడోది ఒకటి సింగిల్, తర్వాతి దాంట్లో రెండు, ఇలా ఆరుసార్లు, 18. నాలుగోది కాస్త మార్చి వేయండి: మొదట ఒకటి సింగిల్, ఒక పెంపు, తర్వాత 'రెండు సింగిల్, ఒక పెంపు' అయిదుసార్లు, చివర ఒకటి సింగిల్, 24. ఎందుకంటే పెంపులు ప్రతి వరసలో ఒకదాని మీద ఒకటి పడితే ఇడ్లీకి ఆరు మూలలు వస్తాయి, గుండ్రంగా కనబడదు. అయిదో వరస 'మూడు సింగిల్, ఒక పెంపు' ఆరుసార్లు, 30. తర్వాత రెండు వరసలు పెంచకుండా 30 మీదే. అంచు కిందికి వంగి ఇడ్లీ ఉబ్బు వస్తుంది.

కింది ముక్కా అంతే, కాకపోతే పెంచని వరస ఒక్కటే చాలు. రెండు ముక్కల మంచి వైపులు బయటికి ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు అంచుల కుట్ల గుండా కలిపి సింగిల్ క్రోషే వేసుకుంటూ చుట్టూ రండి. 30కి 30 ఉండాలి. ఒకదాంట్లో 29 ఉంటే చివర్లో ముడత తేలుతుంది, అప్పుడు దాచలేరు. ముప్పావు వంతు కలిపాక పాలిస్టర్ ఫైబర్ నింపి మిగతాది మూయండి. కలిపిన అంచు పైకి సన్నగా తేలి, నిజం ఇడ్లీకి పాత్ర గుంటలో వచ్చే అంచులానే ఉంటుంది.

3 మి.మీ. సూదితో అయిదున్నర, ఆరు సెం.మీ. వెడల్పు వస్తుంది. 25 గ్రాముల ఉండలో ఇలాంటివి సుమారు నాలుగు అవుతాయి.

జవాబు (చంద్రగిరి నుంచి)

మంచి వైపు ఏదో కొత్తవాళ్ళకు తెలియదు, ఆ మాట కూడా చెప్పాలి. కుట్లు వి ఆకారంలో కనబడేది మంచి వైపు, అడ్డగీతలు కనబడేది లోపలి వైపు. గిన్నె లోపలి వైపు నుంచి అల్లుతున్నట్టు ఉంటే అయిదో వరస దగ్గర తిరగేసుకోండి.

సూది మీద దారం పైనుంచి చుట్టడమా, కింద నుంచి లాగడమా అన్నది కూడా గమనించండి. కింద నుంచి లాగితే కుట్టు ఇంటూ గుర్తులా పడుతుంది, బట్ట బిగువుగా వస్తుంది. ఏ పద్ధతైనా పరవాలేదు, ఒకే బొమ్మలో రెండూ కలిపితే మాత్రం సగం బొమ్మ సన్నగా, సగం లావుగా కనబడుతుంది.

అడిగినవారు

లోపల నింపడానికి ఇంట్లో పాత దిండు దూది ఉంది. బూరుగు దూది. అది చాలదా?

జవాబు (చంద్రగిరి నుంచి)

వద్దమ్మా. దూది ఉతికితే ఉండలు కట్టుకుంటుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ రోజుల్లో తడిసిన దూది ఆరక ముక్కిన వాసన వస్తుంది. దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్ కొనండి, పరుపుల కొట్లలో తూకానికి ఇస్తారు. పావు కిలో తెచ్చుకుంటే చాలా బొమ్మలకు వస్తుంది. బియ్యం, పప్పులు బరువు కోసం వేయమని కొందరు చెబుతారు, పురుగు పడతాయి. బట్ట పేలికలు నింపితే తెల్ల ఇడ్లీలోంచి రంగు కనబడుతుంది.

ఫైబర్ గుప్పెడు ఒకేసారి కుక్కకూడదు. చిటికెడు చిటికెడుగా విడదీసి, ముందు అంచుల వైపు, తర్వాత మధ్యలో. ఎక్కువ కుక్కితే కుట్లు సాగి మళ్ళీ సందులు పడతాయి. ఇడ్లీకి పలచగా, లడ్డుకి గట్టిగా.

కొనాల్సినవి మరీ ఎక్కువ లేవు: 3 మి.మీ. క్రోషే సూది, పెద్ద కన్ను ఉండి మొన మొద్దుగా ఉన్న ఊలు సూది (దబ్బనం వద్దు, దారాన్ని చీలుస్తుంది), కత్తెర, పిన్నీసులు, తెలుపు, లేత గోధుమ, ముదురు గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ ఊలు ఉండలు. తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు టైలరింగ్ సామాను, ఫ్యాన్సీ కొట్లలో అడగండి. ఒకే రంగు రెండు ఉండలు కొంటే లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన ఉండలకు వేసే నంబరు) ఒకటేనా అని చూసుకోవాలి, లేకపోతే ఇడ్లీ పైన ఒక తెలుపు, కింద ఇంకో తెలుపు అవుతుంది.

జవాబు (తిరుపతి నుంచి)

లడ్డు ఇడ్లీ కన్నా తేలికే, తగ్గించడం (రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం) ఒక్కటి కొత్తగా నేర్చుకోవాలి. 6, 12, 18, 24. తర్వాత నాలుగు వరసలు 24 మీదే. ఎన్ని వరసలు పెంచారో దాదాపు అన్నే సమంగా అల్లితే బంతి అవుతుంది. అక్కడి నుంచి 'రెండు సింగిల్, ఒక తగ్గింపు' ఆరుసార్లు, 18. 'ఒకటి సింగిల్, ఒక తగ్గింపు' ఆరుసార్లు, 12. ఇక్కడ ఆగి గట్టిగా నింపండి. తర్వాత ఆరు తగ్గింపులు, 6. దారం కోసి, మిగిలిన ఆరు కుట్ల ముందు పోగుల (కుట్టు పైన వి ఆకారంలో ఉండే రెండు పోగుల్లో మన వైపుది) గుండా ఊలు సూది పోనిచ్చి లాగితే మూసుకుంటుంది.

తగ్గింపు మామూలు పద్ధతిలో వేస్తే గంటు కనబడుతుంది. దానికి బదులు, పక్కపక్కన ఉన్న రెండు కుట్ల ముందు పోగుల్లోకి మాత్రమే సూది దూర్చండి, వెనక పోగులు వదిలేయండి. దారం చుట్టి ఆ రెండు పోగుల్లోంచి లాగి, మళ్ళీ చుట్టి సూది మీద మిగిలిన రెండింట్లోంచి లాగండి. కుట్టు ఎక్కడ తగ్గిందో వెతికినా దొరకదు.

కొండ లడ్డు కళ రావాలంటే పసుపు ముదురు ఛాయ ఎంచుకుని, జీడిపప్పు, ఎండుద్రాక్ష దారంతోనే కుట్టాలి. మీగడ రంగు దారంతో పక్కపక్కనే మూడు నాలుగు పోగులు ఒంపుగా వేస్తే జీడిపలుకు. ముదురు గోధుమతో ఒకే చోట నాలుగైదు పోగులు వేస్తే ద్రాక్ష. మూయకముందే ఇవి కుట్టేయండి, ముళ్ళు లోపల ఉండిపోతాయి.

పూసలు, గుండీలు అస్సలు పెట్టొద్దు. ఇంట్లో ఏడాది పిల్లవాడు ఉన్నాడన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 3.17 సెం.మీ. వెడల్పు గొట్టంలో ఇమిడిపోయే ఏ వస్తువైనా మూడేళ్ళలోపు పిల్లలకు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే అని బొమ్మల భద్రతా పరీక్షల్లో లెక్క. విడిగా బఠాణీలు, ద్రాక్షలు అల్లి ఇవ్వడం కూడా అందుకే కూడదు. వారానికి ఒకసారి కుట్లు లాగి చూసి, పోగు లేచినది పక్కన పెట్టేయండి.

అడిగినవారు

ఇడ్లీ కుదిరింది, 30కి 30 వచ్చాయి. లడ్డు కూడా మూశాను. వడకు చిల్లు ఎలా?

జవాబు (పలమనేరు నుంచి)

వడకు రింగు వద్దు, చైనుతో మొదలు. 12 చైన్లు వేసి, మెలిక పడలేదని చూసుకుని స్లిప్ స్టిచ్‌తో గుండ్రంగా కలపండి. మెలిక పడితే చివర్లో అంచులు కలవవు, మొత్తం విప్పాల్సిందే. కలిపేముందు చైనును బల్ల మీద పరిచి, వి ఆకారాలన్నీ ఒకే వైపు ఉన్నాయా అని వేలితో తడిమి చూడండి.

మొదటి వరస 12. తర్వాత 18, 24, 30. మూడు వరసలు 30 మీద. మళ్ళీ 24, 18, 12. ఇప్పుడు ఇది రెండు వైపులా తెరిచిన గొట్టం మాదిరి ఉంటుంది. దారం 40 సెం.మీ. వదిలి కోసి, చివరి అంచును లోపలికి మడిచి మొదటి 12 చైన్లకు ఒక్కో కుట్టూ జత చేస్తూ కుట్టండి. రెండు మూడు కుట్లకొకసారి ఆగి ఫైబర్ పెట్టాలి. అంతా కుట్టాక నింపడానికి దారి ఉండదు. ముదురు గోధుమ దారంలో లేత పోగు ఒకటి కలిపి అల్లితే వేగిన రంగు వస్తుంది, కానీ అప్పుడు రెండు పోగులు అవుతాయి కాబట్టి సూది 4 మి.మీ. పట్టుకోవాలి, వడ కూడా పెద్దదవుతుంది.

మదనపల్లె టమోటా కావాలంటే: 30 దాకా పెంచి, అయిదుకి బదులు నాలుగే సమ వరసలు, ఆపైన 24, 18, 12, నింపి 6. ఒక వరస తగ్గించింది బంతి కాస్త అణిగి ఉండాలని. మూసిన దారాన్ని కింది మధ్య నుంచి పై మధ్యకు పోనిచ్చి, మళ్ళీ కిందికి తెచ్చి లాగి ముడేస్తే పైన గుంట పడుతుంది. తొడిమకు ఆకుపచ్చతో రింగులో 5 సింగిల్స్. ఆ తర్వాత 4 చైన్లు వేసి, వెనక్కి వస్తూ ఒక స్లిప్, ఒక సింగిల్, ఒక హాఫ్ డబుల్ (ముందు ఒకసారి దారం చుట్టుకుని కుట్టులో దూర్చి లాగి, సూది మీదున్న మూడింట్లోంచి ఒకేసారి లాగే కుట్టు), రింగులో తర్వాతి కుట్టుకి స్లిప్. ఇలా అయిదు రేకులు. రేకుల కొనలు కూడా టమోటాకి కుట్టేయండి, పిల్లలు ముందు పీకేది వాటినే.

అడిగినవారు

తోతాపురి మామిడికాయ కూడా అడుగుతోంది పాప. ముక్కు ఎలా వస్తుంది?

జవాబు (పలమనేరు నుంచి)

ముక్కు నుంచే మొదలుపెట్టాలి, పెంపు నెమ్మదిగా. 6, తర్వాత 'ఒకటి సింగిల్, ఒక పెంపు' మూడుసార్లు 9, 'రెండు సింగిల్, ఒక పెంపు' మూడుసార్లు 12. ఆపైన 18, ఒక సమ వరస, 24, ఎనిమిది సమ వరసలు. తగ్గింపు లడ్డుకి చెప్పినట్టే. ముక్కు కొనలో ఫైబర్ పెన్ను వెనకభాగంతో ముందే నెట్టండి, చివర్లో వేలు అక్కడిదాకా పోదు. మూశాక ఒక పక్క లోపల ముక్కు దగ్గర నుంచి కాయ నడుము దాకా దారం నడిపి కాస్త లాగి ముడివేస్తే ఆ వంపు తేలుతుంది. ఆకుపచ్చతో మొదలుపెట్టి 24 దగ్గర పసుపుకి మారవచ్చు. రంగు మార్చేటప్పుడు పాత రంగు ఆఖరి కుట్టులో చివరి లాగుడు కొత్త రంగుతో లాగితే మెట్టు కనబడదు.

ఉతకడానికి చల్లనీళ్ళు, కొంచెం సబ్బు, పిండకుండా తువ్వాలులో పెట్టి నొక్కి నీడన ఆరబెట్టండి. ఇస్త్రీ పెట్టె ఆక్రిలిక్‌ను తాకకూడదు, కరిగి గట్టిపడుతుంది.