అప్‌డేట్: వినయం పేరుతో నన్ను నేను తగ్గించుకుంటున్నానా అని అడిగాను కదా

నెల క్రితం నేను అడిగింది ఇది: ఎవరు ఏ పని చెప్పినా కాదనలేను, దాన్నే వినయం అనుకుంటాను, కానీ లోపల కోపం పేరుకుపోతోంది. నన్ను నేను ప్రేమించుకుంటే అహంకారం అవుతుందా?

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీలో ఒకరు చెప్పిన సైకాలజిస్ట్ క్రిస్టిన్ నెఫ్ పరిశోధన గురించి చదివాను. 2003లో ఆమె ఆత్మకరుణను మూడు భాగాలుగా వివరించారు: తనపట్ల దయ, తప్పులూ బాధలూ మనుషులందరికీ ఉంటాయన్న ఎరుక, బాధను దాచకుండా, అందులో మునిగిపోకుండా చూడగలగడం. నాకు రెండోదే గట్టిగా తగిలింది. నేను అందరికంటే గొప్ప కాదు, సరే. అందరికంటే తక్కువ కూడా కాదు! వినయంలో ఇన్నాళ్లూ నాకు సగమే అర్థమైంది.

ప్రతి ఆదివారం మియాపూర్ నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి అక్కకు ఇంటి పనుల్లో సాయం చేసేదాన్ని. రెండు వారాల క్రితం ఫోన్ చేసి, "అక్కా, ఈ వారం రాలేను, బాగా అలసిపోయాను" అన్నాను. చేతులు వణికాయి. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పొచ్చు కదే, పిచ్చిదానా" అంది. ఎంత టెన్షన్ పడ్డానో! నా మనసు తెలుసుకునే అవకాశమే అక్కకు నేనివ్వలేదు.

మొన్న ఆదివారం పిలవకుండానే వెళ్లాను. పప్పు నేను వండాను, అంట్లు అక్క తోమింది. చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. లోపల ఏ లెక్కలూ లేవు.

ఆఫీసులో మాత్రం మేనేజర్ ముందు ఇంకా నోరు పెగలడం లేదు. అక్కడ ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెబితే వింటాను.