బ్రేకే తొక్కాను, బండి మాత్రం దూసుకెళ్లింది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

రెండోగేరు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి, అదీ ఇలాంటి విషయం మీద రాయాల్సి వస్తుందనుకోలేదు.

నాది ఆటోమేటిక్ పెట్రోల్ కారు. నాలుగేళ్లుగా వాడుతున్నా, ఇంతవరకు ఒక్క గీత కూడా పడలేదు. పోయిన ఆదివారం సెల్లార్‌లో పార్కింగ్ చేస్తున్నా, ఎప్పటిలాగే బ్రేక్ మీద కాలు ఆనించి మెల్లగా పాకిస్తూ వెళ్తున్నా. గోడ ఇంకా ఒక కారు పొడవు దూరంలో ఉంది. పక్కనున్న పిల్లర్ తగులుతుందేమోనని ఎడమ వైపు బాగా వెనక్కి తిరిగి చూశాను, అంతే, ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది, బండి ఎగిరినట్టు ముందుకు పోయింది. బ్రేక్ తొక్కాను. ఇంకా గట్టిగా తొక్కాను. తొక్కేకొద్దీ ఇంకా వేగంగా పోయింది తప్ప ఆగలేదు. గోడకి గుద్దుకున్నాక కూడా ఇంజిన్ రెండు మూడు సెకన్లు అరుస్తూనే ఉంది. బంపర్, రేడియేటర్, ఒక హెడ్‌లైట్ పోయాయి. ముందు మనుషులెవరూ లేరు, అదే పదివేలు.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి, "కోడ్స్ ఏమీ లేవు సార్, మీరే యాక్సిలరేటర్ తొక్కి ఉంటారు" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వుకి ఒళ్లు మండింది. పదిహేడేళ్ల నుంచి నడుపుతున్నాను, బ్రేక్ ఏదో యాక్సిలరేటర్ ఏదో తెలియదా నాకు? కంపెనీని వదిలిపెట్టనని ఇంట్లో మా ఆవిడ ముందు గట్టిగానే చెప్పాను.

మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? జరిగితే అసలు కారణం ఏమని తేలింది? బండి రిపేరై వస్తుంది సరే, మళ్లీ అందులో కూర్చోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

హారన్‌ప్లీజ్:
ఏ కంపెనీ, ఏ మోడల్? అది చెప్పకుండా ఎవరేం చెప్తారు బ్రో.

రెండోగేరు:
క్లెయిమ్ నడుస్తోంది, ఇప్పుడు పేరు చెప్పను. ఏమీ అనుకోకండి.

స్పానర్‌సెట్:
రెండోగేరు గారూ, నేను ఇరవై ఏళ్లకు పైగా వర్క్‌షాపులో ఉన్నాను, మీలా చెప్పినవాళ్లు చాలామంది వచ్చారు, వాళ్లలో ఒక్కరు కూడా అబద్ధం చెప్తున్నట్టు నాకు అనిపించలేదు. ఆ నవ్వినతను నవ్వకుండా ఉండాల్సింది. కానీ మీరు రాసిన దాంట్లో ఒక ముక్క ఉంది చూడండి, "తొక్కేకొద్దీ ఇంకా వేగంగా పోయింది" అని. నన్ను ఆపేసింది అదే.

ఇంజిన్ కంప్యూటర్ పిచ్చెక్కి థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే పలక) తెరిచేసిందనే అనుకుందాం. అప్పుడు మీ కాలు నిజంగా బ్రేక్ మీద ఉంటే, గట్టిగా తొక్కేకొద్దీ బండి ఎంతో కొంత బిగుసుకోవాలి. నడక వేగంలో పాకుతున్న బండిని బ్రేక్ ఆపలేకపోవడం చాలా కష్టం, ఎందుకంటే ఇంజిన్ బలం కంటే బ్రేకుల బలం ఎక్కువ. అలా కాకుండా బ్రేకులు కూడా అదే సెకనులో ఫెయిలయ్యాయి అనుకుంటే, తర్వాత చూసినప్పుడు ఆ బ్రేకులు మామూలుగా పని చేయకూడదు. మీ బండిని వర్క్‌షాపుకి నడుపుకుంటూ తీసుకెళ్లారా, లాక్కెళ్లారా? బ్రేక్ పెడల్ ఎలా ఉంది?

ఇక ఒళ్లు మెలితిప్పి వెనక్కి చూశారన్నారు కదా. నడుము ఎడమకి తిరిగితే తుంటి కదులుతుంది, దాంతోపాటు మడమ కూడా జరుగుతుంది, పాదం ఎక్కడుందో మనకి తెలిసినట్టే ఉంటుంది కానీ తెలియదు. పెడల్‌ని ఎవరూ చూసి తొక్కరు. కాలు అలవాటు మీద పోతుంది. అది బ్రేకే అని మెదడు ఒకసారి నమ్మేశాక, బండి ఆగకపోతే కాలు తీయమని చెప్పదు, ఇంకా గట్టిగా తొక్కమనే చెప్తుంది. గోడకి గుద్దాక కూడా ఇంజిన్ అరిచిందన్నారు చూడండి, అదీ ఇందుకే అయ్యుండొచ్చు.

తప్పు మీదే అని తీర్పు చెప్పట్లేదు. ముందు ఒకటి చెప్పండి, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్లు ఎన్ని ఉన్నాయి?

లెక్కలమనిషి:
స్పానర్‌సెట్ గారి మీద గౌరవం ఉంది కానీ ప్రతిసారీ "డ్రైవర్ కాలే" అనేసి ఫైలు మూసేయడం కంపెనీలకి బాగా అలవాటైన పని. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నా వైపు నుంచి చెప్తా.

1980లలో అమెరికాలో ఆడి 5000 అనే కారు మీద ఇదే గొడవ నడిచింది, 1986లో టీవీలో వచ్చాక కంపెనీ అమ్మకాలు కుప్పకూలాయి. 1989లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ నివేదిక ఇచ్చింది, చాలావరకు పెడల్ పొరపాటే అని. ఇవాళ బ్రేక్ తొక్కితే తప్ప పార్క్ నుంచి గేర్ కదలదు కదా, ఆ లాక్ అందరికీ అలవాటైంది ఆ గొడవ పుణ్యమానే. అంటే డ్రైవర్ పొరపాటే అని తేలినా బండి డిజైన్ మార్చాల్సి వచ్చింది. ఈ ముక్క సర్వీస్ సెంటర్లో ఎవరూ చెప్పరు.

తర్వాత టొయోటా. 2009లో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ (టొయోటా వాళ్ల బ్రాండే) ఆగకుండా దూసుకెళ్లి నలుగురు చనిపోయారు, అందులో వేరే మోడల్ మ్యాట్ వేసి ఉంది, యాక్సిలరేటర్ దాని కింద ఇరుక్కుంది. మ్యాట్ల కోసం, తొక్కితే తిరిగి పైకి సరిగా రాని పెడళ్ల కోసం లక్షల కార్లు వెనక్కి పిలిచారు. ఎలక్ట్రానిక్స్‌లో ఏముందో చూడమని నాసా ఇంజినీర్లకి అప్పగిస్తే 2011లో, పెద్ద ఎత్తున థ్రాటిల్ తెరుచుకునేలా చేసే ఎలక్ట్రానిక్ లోపమేదీ కనబడలేదన్నారు. కానీ 2013లో ఓక్లహోమాలో ఒక టొయోటా క్యామ్రీ కేసు కోర్టుకెళ్తే, థ్రాటిల్ సాఫ్ట్‌వేర్‌ని నిపుణులు చీల్చి చెండాడాక జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2014లో మ్యాట్లు, పెడళ్ల సంగతి జనానికి సరిగ్గా చెప్పకుండా దాచినందుకు అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టారు. నేను చెప్పొచ్చేది ఒకటే, స్కానర్‌లో కోడ్ లేదు కాబట్టి ఏమీ జరగలేదు అంటే ఒప్పుకోకండి. లోపం జరిగిందని కంప్యూటర్‌కి తెలిస్తేనే కోడ్ పడుతుంది. దానికే తెలియకపోతే?

స్పానర్‌సెట్:
లెక్కలమనిషి గారూ, మీరు చెప్పిన వాటిలో అబద్ధం లేదు. కాకపోతే పెడల్‌లో రెండు సెన్సర్లు ఉంటాయి, రెండూ వేర్వేరు వోల్టేజీ ఇస్తాయి, లెక్క కుదరకపోతే కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది. నా దగ్గరికి వచ్చిన పెడల్ సెన్సర్ కేసులన్నీ "బండి లాగట్లేదు" అని వచ్చినవే, "ఆగట్లేదు" అని కాదు. ఇరవై ఏళ్లలో నిజంగా ఇరుక్కున్నవి చూశాను, పాత బండ్లలో కేబుల్ పోగులు విడి తొడుగులో పట్టేసినవి, థ్రాటిల్ బాడీలో మడ్డి పేరుకుని పలక అతుక్కున్నవి, ఇక మ్యాట్లు సరేసరి. అన్నీ చేత్తో ముట్టుకుని చూడగలిగినవే.

2024లో సియోల్‌లో ఒక కారు జనం మీదకి వెళ్లి తొమ్మిది మంది చనిపోయారు గుర్తుందా? బ్రేకే తొక్కానని డ్రైవర్ చివరిదాకా అన్నాడు. అతని బూటు అడుగున పడిన ముద్ర యాక్సిలరేటర్ పెడల్‌తో సరిపోయింది. కొరియాలో చాలామంది ఇప్పుడు పెడళ్ల మీదకే కెమెరా పెట్టించుకుంటున్నారు.

రాత్రిడ్యూటీ:
నాకు మ్యాట్ అనుభవం ఉంది. కంపెనీ కార్పెట్ మ్యాట్ మీద, కడుక్కోవడం సులువని రబ్బరుది ఇంకోటి పరిచాను. హైవే మీద ఓవర్‌టేక్ చేద్దామని పెడల్ చివరిదాకా తొక్కి వదిలాను, అది తిరిగి రాలేదు. పై మ్యాట్ అంచు పెడల్ మీదికి ఎక్కి కూర్చుంది. ముందు లారీ. వంగి చేత్తో లాగుదామనే వెధవ ఆలోచన వచ్చింది, అలా చేసుంటే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు.

న్యూట్రల్‌లోకి నెట్టాను. ఇంజిన్ పగిలిపోతుందా అన్నట్టు మోత పెట్టింది, పెట్టనీ, దానికి మరీ ఎక్కువ తిరగకుండా ఆపే రెవ్ లిమిటర్ ఉంటుంది, బండికి మాత్రం లాగుడు పోయింది. బ్రేక్ తొక్కి పక్కకి తీసి ఆపి, పార్క్‌లో పెట్టి ఇంజిన్ ఆపేశా. కాళ్లు వణుకుతూ పది నిమిషాలు అక్కడే కూర్చున్నా.

ఒక తప్పు మాత్రం చేశాను. మొదట బ్రేక్‌ని రెండు మూడుసార్లు పంపు కొట్టినట్టు కొట్టాను. మూడోసారికి పెడల్ రాయిలా అయిపోయింది. ఎందుకో తర్వాత మెకానిక్ చెప్పాడు, పెట్రోల్ ఇంజిన్ ఫుల్ రేజ్‌లో ఉంటే మన తొక్కుడుకి బలం కలిపే బ్రేక్ బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ అందదట, అందులో నిల్వ ఉన్నది రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుందట. కాబట్టి ఒక్కసారే, ఉన్న బలమంతా పెట్టి తొక్కి అలాగే పట్టుకోవాలి, వదలకూడదు. బటన్ స్టార్ట్ బండి అయితే నడుస్తుండగా ఒకసారి నొక్కితే ఆగదు, చాలా వాటిలో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి, మీ బండి మాన్యువల్‌లో ఇవాళే చూసుకోండి. తాళం బండి అయితే తాళం పూర్తిగా వెనక్కి తిప్పి బయటకి లాగేయకండి, స్టీరింగ్ లాకైపోతుంది.

నల్లపొగ:
డీజిల్ వాళ్ల కోసం ఒక మాట. నా పాత డీజిల్ బండిలో టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) సీల్ పోయి ఇంజిన్ ఆయిల్ నేరుగా లోపలికి పోయింది. ఇంజిన్ తన ఆయిల్ తానే తాగి పరిగెత్తడం మొదలుపెట్టింది. తాళం తీసేశాను, ఆగలేదు! వెనక పొగ తప్ప రోడ్డు కనబడట్లేదు. తాళం తీస్తే డీజిల్ ఆగుతుంది కానీ ఆయిల్ ఆగదు కదా. గేర్‌బాక్స్ మాన్యువల్ కాబట్టి బతికిపోయాను, బండి నిలబెట్టి బ్రేక్ గట్టిగా పట్టి, టాప్ గేర్ వేసి, క్లచ్ ఒక్కసారి వదిలేశా. గుప్పున ఆగిపోయింది. క్లచ్ కొంచెం కాలింది, కాలనీ. ఆ సమయంలో బానెట్ ఎత్తి దగ్గరకి మాత్రం వెళ్లకండి, ఇంజిన్ ముక్కలు బయటకి రావచ్చు.

రెండోగేరు గారిది పెట్రోల్ కాబట్టి ఇది వేరే సంగతి అనుకోండి.

రెండోగేరు:
అందరికీ థాంక్స్. స్పానర్‌సెట్ గారూ, మ్యాట్ ఒకటే ఉంది, కంపెనీదే, క్లిప్పులు కూడా బిగించే ఉన్నాయి. బండి లారీ మీద వెళ్లింది, రేడియేటర్ పోయింది కాబట్టి. బ్రేక్ పెడల్ మామూలుగానే ఉంది, ఆ రోజే చేత్తో నొక్కి చూశాను. గుద్దుకునే ముందు ఐదు సెకన్ల డేటా ఏదో రికార్డవుతుందని చదివాను, అది అడగొచ్చా?

స్పానర్‌సెట్:
అడగండి, రాతపూర్వకంగా అడగండి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో ఉంటుంది, యాక్సిలరేటర్ ఎంత శాతం తొక్కారు, బ్రేక్ పడిందా లేదా, వేగం ఎంత, అన్నీ. కాకపోతే అన్ని బండ్లలో ఉండదు, దెబ్బ చిన్నదైతే రికార్డవకపోవచ్చు కూడా.

దానికంటే ముందు ఇంకోటి. మీ బండికి వెనక డాష్‌క్యామ్ ఉందా? సెల్లార్ చీకటిగా ఉంటుంది కదా, బ్రేక్ పడితే వెనక నేల మీద, పిల్లర్ల మీద ఎర్రటి వెలుగు పడుతుంది. చాలా బండ్లలో ఆ లైట్ స్విచ్ బ్రేక్ పెడల్ మెడ దగ్గరే ఉంటుంది, పెడల్ కదిలితే వెలుగుతుంది, లేకపోతే లేదు. ఇంజిన్ కంప్యూటర్ తప్పు చేసి మీరు బ్రేక్ మీదే ఉండుంటే ఆ ఎరుపు చివరిదాకా ఉండాలి.

లెక్కలమనిషి:
ఇది మంచి మాట. ఆ వీడియోలో ఎరుపు ఉంటే మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ముందు రెండు కాపీలు తీసి పెట్టుకోండి. కంపెనీకి నేను రాసిపెడతాను ఉత్తరం.

రెండోగేరు:
వెనక కెమెరా ఉంది, నిన్న రాత్రి కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. ఇరవైసార్లు చూసుంటాను.

వెనక పిల్లర్ మీద పసుపు నలుపు చారలు ఉంటాయి. బండి పాకుతున్నంతసేపూ ఆ పసుపు చార ఎర్రగా కనబడుతోంది. తర్వాత ఒక్కసారి మామూలు పసుపైపోయింది. అప్పటికింకా ఇంజిన్ శబ్దం లేదు, సెకను కూడా గడవలేదు, అప్పుడు మొదలైంది మోత. గుద్దిన చప్పుడు దాకా అది పసుపుగానే ఉంది. మోత ఆగాక మళ్లీ ఎర్రబడింది.

ఇప్పటికీ నా కాలికి బ్రేక్ తొక్కినట్టే గుర్తుంది. ఆ వీడియో చూస్తూ కూడా అలాగే అనిపిస్తోంది, అదే విచిత్రం.

లెక్కలమనిషి గారూ, ఉత్తరం అక్కర్లేదు. క్లెయిమ్ ఫారంలో కారణం దగ్గర ఖాళీ వదిలాను, రేపు నింపి ఇస్తాను. ఆ సర్వీస్ సెంటర్ అతనికి ఫోన్ చేయాలి, ఆ రోజు కొంచెం గట్టిగానే అరిచాను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

స్పానర్‌సెట్:
చెప్పండి, ఏమీ అనరు. బండి వచ్చాక ఖాళీ జాగాలో ఇంజిన్ ఆపి కూర్చుని, వెనక్కి తిరిగి చూస్తూ బ్రేక్ మీదకి కాలు పెట్టడం ఓ యాభైసార్లు చేయండి. మడమ బ్రేక్‌కి ఎదురుగా నేల మీద ఆన్చి ఉంచండి, యాక్సిలరేటర్ కావాలంటే పాదం తిప్పాలి తప్ప మడమ ఎత్తకూడదు. పార్కింగ్‌లో మెడ తిప్పి చూడాలంటే ముందు బండి పూర్తిగా ఆపేయండి. సీటు కూడా ఒక గంటు ముందుకి జరుపుకోండి, చాలామంది దూరంగా కూర్చుంటారు.

రెండోగేరు:
నిజమే, నా సీటు బాగా వెనక్కి ఉంటుంది.