వేటకు తేలికైన ట్రైపాడ్: కొండను గాలించడానికీ రైఫిల్ నిలపడానికీ ఒకటే సరిపోతుందా?

ప్రశ్న (డెన్వర్, కొలరాడో)

అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులో వైట్ రివర్ నేషనల్ ఫారెస్టులో ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకు వెళ్లబోతున్నాను. గుడారం, తిండి, నీళ్లు అన్నీ వీపున మోసుకుంటూ సుమారు 10,000 అడుగుల ఎత్తులో తిరగాలి కాబట్టి సంచిలో పెట్టే ప్రతి వస్తువు బరువూ చూసుకోవలసి వస్తోంది. ఆ ప్రాంతపు దిగువ వాలుల్లో గాంబెల్ ఓక్ పొదలు, సేజ్ తుప్పలు నడుము ఎత్తున పెరిగి ఉంటాయి. అందువల్ల నేల మీద పడుకుని బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) ఆసరాతో కాల్చే అవకాశం చాలా చోట్ల దొరకదు. కూర్చుని గానీ మోకాలి మీద గానీ కాల్చాలంటే ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) తప్పదనిపిస్తోంది.

ఉదయం, సాయంత్రం 10x42 బైనాక్యులర్స్‌తో ఎదుటి వాలును గాలించడానికీ, అవసరమైనప్పుడు సుమారు 4 కిలోల రైఫిల్‌ను నిలపడానికీ ఒకే ట్రైపాడ్ కావాలి. మార్కెట్లో ఒకవైపు కిలో, కిలోంబావు బరువుండే ఫొటోగ్రఫీ ట్రైపాడ్‌లు, మరోవైపు రెండు కిలోలు దాటిన షూటింగ్ ట్రైపాడ్‌లు కనిపిస్తున్నాయి. తేలికైన వాటిలో కొన్నింటికి కూడా 10 కిలోలకు పైగా మోస్తాయని రాసి ఉంది. ఆ అంకెను నమ్మి కొనవచ్చా? నా పాత ఫొటో ట్రైపాడ్ మీద రైఫిల్ ఆనిస్తే, అది బరువును తేలికగానే మోస్తోంది గానీ స్కోపులోని గురి గీతలు ఒక చోట నిలవడం లేదు.

జవాబు (సాల్ట్ లేక్ సిటీ, యూటా)

నమస్కారమండీ. ఎంత బరువు మోస్తుందన్న అంకె మీ పనికి అక్కరకు రాదు. ట్రైపాడ్ కూలిపోకుండా ఎంత మోయగలదో అది చెబుతుంది తప్ప, పక్క నుంచి చిన్న ఒత్తిడి పడితే ఎంత ఊగుతుందో, ఊగిన తరువాత ఎంత సేపటికి నిలుస్తుందో చెప్పదు. మీకు కావలసింది ఆ బిగువు.

బిగువు రెండు కొలతల మీద ఆధారపడుతుంది: కాలి గొట్టం లావు, కాలి పొడవు. గోడ మందం మారకుండా గొట్టం వ్యాసం 28 మి.మీ. నుంచి 32 మి.మీ.కు పెరిగితే వంపును తట్టుకునే శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, గొట్టం బరువు మాత్రం ఏడో వంతే పెరుగుతుంది. అలాగే కాలు 150 సెం.మీ. నుంచి 120 సెం.మీ.కు తగ్గితే, అదే ఒత్తిడికి వంగడం ఇంచుమించు సగమవుతుంది. అందుకే బరువు తగ్గించుకోవాలనుకునేవారు ఎత్తును వదులుకోవాలి గానీ లావును వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. నిలబడి కళ్లెత్తున చూడాలన్న కోరికే తేలికపాటి ట్రైపాడ్‌లను పాడు చేస్తోంది. సన్నని గొట్టాలను ఒకదానిలో ఒకటి దూరే నాలుగైదు మడతలుగా అమర్చి ఆ ఎత్తు సాధిస్తారు, చివరి మడత బొటనవేలి లావైనా ఉండదు. మీరు కూర్చునీ మోకాలి మీదా కాలుస్తానంటున్నారు కాబట్టి 110 నుంచి 120 సెం.మీ. వరకు లేచే కాళ్లు చాలు. వాలు మీద కిందివైపు కాలిని పొడిగించుకోవడానికి కూడా అందులో మిగులు ఉంటుంది.

పై గొట్టం కనీసం 28 మి.మీ., వీలైతే 32 మి.మీ. ఉన్న కార్బన్ ఫైబర్ కాళ్లను చూడండి. కార్బన్ ఫైబర్ అల్యూమినియం కన్నా తేలిక. పైగా తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో పట్టుకుంటే చేతిని అల్యూమినియం కొరికినట్టు కొరకదు. సెంటర్ కాలమ్ (నడుమ పైకి లేచే కడ్డీ) ఉన్న ట్రైపాడ్ అయితే దాన్ని తీసేసి, హెడ్‌ను (పరికరాన్ని పట్టుకుని తిప్పే పై భాగాన్ని) కాళ్లు కలిసే పైపలకకు నేరుగా బిగించే వీలుండాలి. పైకి లేపిన కాలమ్ మీద పెట్టిన రైఫిల్ మూడు కాళ్ల మీద కాదు, ఒంటి కాలి మీద నిలిచినట్టే. మీ పాత ట్రైపాడ్‌లో గురి నిలవకపోవడానికి అదే కారణం కావచ్చు. ముందు అది చూడండి.

కొనేముందు పరీక్షించాలంటే రైఫిల్ అక్కరలేదు. ట్రైపాడ్‌ను వాడబోయే ఎత్తుకు పెట్టి, బైనాక్యులర్స్ బిగించి, దూరంగా ఉన్న ఒక సైన్‌బోర్డు అంచు మీద నిలిపి, ఒక కాలిని వేలితో తట్టండి. బొమ్మ వణకడం ఎంత త్వరగా ఆగుతుందో రెండు ట్రైపాడ్‌ల మధ్య పోల్చితే తేడా అక్కడికక్కడే కనబడుతుంది.

జవాబు (టూసాన్, ఆరిజోనా)

కాళ్ల గురించి పై వారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే వేటలో ట్రైపాడ్ ఎక్కువ సేపు మోసేది బైనాక్యులర్స్‌నే, రైఫిల్‌ను కాదు. ఇక్కడ దక్షిణ ఆరిజోనా కొండల్లో కూస్ జింకలు చిన్నవి, బూడిద రంగువి. ఎండుగడ్డిలో, ఓక్ నీడల్లో కదలకుండా పడుకుంటే ఎదురుగా ఉన్నా కనబడవు. చేత్తో పట్టుకున్న బైనాక్యులర్స్‌కు ఒక చెవి కదలిక, కొమ్ము కొన మీద మెరిసే వెలుగు అందవు, ఎందుకంటే చేతి వణుకు ఆ చిన్న కదలికను మింగేస్తుంది. అదే బైనాక్యులర్స్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, ఒకే చోట నిమిషం పాటు చూస్తే, అప్పటిదాకా పొద అనుకున్నది తల తిప్పుతుంది. మీ ఎల్క్ పెద్ద జంతువే అయినా, మధ్యాహ్నం ఉత్తరపు వాలు మీద చెట్ల నీడన పడుకున్నప్పుడు కనబడేది వీపు గీతో, మెడ రంగో మాత్రమే.

ఈ పనికి హెడ్ ముఖ్యం. పాన్ హెడ్ (పక్కలకూ, పైకీ కిందికీ విడివిడిగా తిరిగేది) ఉంటే వాలును ఎడమ నుంచి కుడికి ఒక వరుస చూసి, కొద్దిగా దించి, ముందరి వరుస అంచు కలిసేలా రెండో వరుస చూడవచ్చు. ఆ విధంగా కొండంతా జల్లెడ పడతారు. బంతి మీద అన్ని వైపులా తిరిగే బాల్ హెడ్‌తో ఇది విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే బంతి వదులు చేసిన ప్రతిసారీ బైనాక్యులర్స్ పక్కకు ఒరుగుతాయి.

మీ బైనాక్యులర్స్ ముందుభాగంలో, రెండు గొట్టాలు కలిసే చోట, చిన్న మూత ఉందేమో చూడండి. చాలా మోడళ్లలో దాని వెనుక మర ఉంటుంది, అందులోకి స్టడ్ బిగించి అడాప్టర్‌తో ట్రైపాడ్‌కు తగిలించవచ్చు. కూర్చోవడానికి దళసరి ఫోమ్ ముక్క ఒకటి పెట్టుకోండి. ఒంటికి హాయి లేకపోతే ఎంత మంచి ట్రైపాడ్ అయినా గంట సేపు చూడనివ్వదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కాళ్ల సంగతి తేలిపోయింది; సెంటర్ కాలమ్ తీసి చూస్తే పాత ట్రైపాడ్ కూడా కొంత కుదురుగా ఉంది. ఇప్పుడు హెడ్ దగ్గర ఆగిపోయాను. పాన్ హెడ్ తీసుకుంటే రైఫిల్‌కు పనికొస్తుందా? రెండు హెడ్‌లు మోయడం నాకు ఇష్టం లేదు.

జవాబు (గ్రాండ్ జంక్షన్, కొలరాడో)

మీరు వెళ్లే కొండలకు దగ్గరలోనే ఉంటున్నాను కనుక ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. పాన్ హెడ్ పైకీ కిందికీ, పక్కలకూ తిరుగుతుంది గానీ రైఫిల్ కుడికో ఎడమకో ఒరిగితే దాన్ని సరిచేయలేదు. చదునుగా లేని నేల మీద, జంతువు ఎదురుగా ఉండగా, కాళ్లు పొట్టీ పొడుగూ చేసి ఆ ఒరుగు సరిదిద్దుకునే తీరిక ఉండదు. కాబట్టి రైఫిల్‌ను క్లాంపుతో బిగించి కాల్చదలిస్తే, పైభాగంలో క్లాంపు కిందనే తిరిగే పాన్ బేస్ ఉన్న చిన్న బాల్ హెడ్ తీసుకోండి. బంతితో ఒకసారి సమం చేసి బిగించి, ఆ తరువాత పాన్ బేస్ మీద పక్కలకు తిప్పుతూ బైనాక్యులర్స్‌తో వరుస చూడవచ్చు. వరుస మార్చేటప్పుడు మాత్రం బంతిని కాస్త సడలించాలి. పాన్ హెడ్‌తో ఉన్నంత సుఖంగా ఉండదు, కానీ ఎల్క్ కోసం అది చాలు. కూస్ జింకల వేటగాడికి పాన్ హెడ్డే సరైనది. అక్కడ క్లాంపు మానేసి, హెడ్ మీద చిన్న ఇసుక సంచి పెట్టి దాని మీద రైఫిల్ ఆనించుకుంటారు.

బైనాక్యులర్స్‌కూ రైఫిల్‌కూ ఆర్కా రకం ప్లేట్లే (క్లాంపులో పెట్టి బిగించే పలకలు) పెట్టించండి. ఒకే క్లాంపు రెంటినీ పట్టుకుంటుంది, ఒకటి తీసి మరొకటి పెట్టడం క్షణాల్లో అవుతుంది. బిగించిన రైఫిల్‌ను వదిలి పక్కకు వెళ్లకండి. బరువంతా పైనే ఉంటుంది కాబట్టి ఒక్క గాలి తోపుకు పడిపోతుంది. గాలించడానికి ఎప్పుడూ బైనాక్యులర్సే వాడాలి, రైఫిల్ స్కోపు కాదు. స్కోపుతో చూస్తున్నారంటే తుపాకీ గొట్టాన్ని అటే గురిపెట్టినట్టు, ఆ పొదలో ఉన్నది మరో వేటగాడు కావచ్చు. కాల్చే నిమిషం వరకు చాంబర్ (తుపాకీలో తూటా ఉండే గది) ఖాళీగా ఉండాలి.

ట్రైపాడ్ రైఫిల్ ముందు భాగాన్ని మాత్రమే నిలుపుతుంది. మిగిలిన వణుకంతా బట్ (భుజానికి ఆనే వెనుక భాగం) దగ్గరే ఉంటుంది. కూర్చున్నప్పుడు కుడి మోచేతిని మోకాలి మీద ఆనించండి, లేదా వీపు సంచిని నిలువుగా నిలబెట్టి ఒడిలోకి లాక్కుని దాని మీద ఆ మోచేయి పెట్టండి. ఛాతీతో కొద్దిగా ముందుకు ఒత్తిడి పెడితే ట్రైపాడ్ కాళ్లు నేలలో దిగబడి, తూటా వెళ్లిన తరువాత కూడా జంతువు స్కోపులోనే కనబడుతుంది. తగిలిందో లేదో తెలుసుకోవడానికి అది చాలా అవసరం. వాలు మీద రెండు కాళ్లు కిందివైపు, ఒకటి పైవైపు ఉండాలి. గాలి గట్టిగా వీస్తే సంచిని హెడ్ కింద వేలాడదీయండి, అయితే అది నేలను తాకేలా ఉండాలి, లేకపోతే అదే ఊగి ట్రైపాడ్‌ను ఊపుతుంది. కాళ్లు తెరిచేటప్పుడు లావు గొట్టాలను ముందు పూర్తిగా లాగి, అన్నిటికన్నా సన్నని చివరి మడతను చివరి అవసరానికి ఉంచుకోండి.

సెప్టెంబరులోనే షూటింగ్ రేంజికి వెళ్లి, బెంచీ మీద కాకుండా నేల మీద కూర్చుని, ఇదే సంచితో, ఇదే ట్రైపాడ్‌తో సాధన చేయండి. (హెచ్-1బి వంటి వీసాలపై ఉండి ఇది చదివేవారు ఒక సంగతి గమనించాలి: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లేకుండా మీరు తుపాకీ చేతపట్టకూడదు, రేంజిలో కూడా.) మొదట 100 గజాల దగ్గర, తరువాత 200 గజాల దగ్గర, ఆయాసంగా ఉన్నప్పుడు కూడా తూటాలు ఎంత గుంపుగా పడుతున్నాయో చూసుకోండి. అక్కడ మీకు నమ్మకం కుదిరిన దూరం ఏదో, కొండ మీద దాన్ని దాటవద్దు. ట్రైపాడ్ ఉంది కదా అని ఆ దూరాన్ని పెంచుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. 32 మి.మీ. పై గొట్టం, మూడు మడతల పొట్టి కాళ్లు, సెంటర్ కాలమ్ లేకుండా, పాన్ బేస్ ఉన్న చిన్న బాల్ హెడ్‌తో తీసుకుంటున్నాను. పాత ట్రైపాడ్ కన్నా ఇది సుమారు 400 గ్రాములు బరువు పెరుగుతుంది. ఆ మేరకు రెండో స్టవ్వు, అదనపు జాకెట్టు ఇంట్లో వదిలేస్తాను.