గుండె కొట్టుకుంటుందా, స్పందిస్తుందా?

సభ్యులకు నమస్కారం. హైదరాబాదులో మా కాలనీవారు పెట్టబోయే ఆరోగ్య శిబిరానికి గుండె మీద ఒక కరపత్రం రాస్తూ, ‘హృదయ స్పందన’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. సంస్కృతంలో స్పందనమంటే అదరడం, కదలడం. నేటి తెలుగులో మాత్రం ‘స్పందించు’ అనగానే ఎవరో కదిలిస్తే బదులు పలకడమనే అర్థమే ముందుగా తోస్తుంది. ఈ ప్రశ్న కింద మీరు రాయబోయేవాటిని కూడా స్పందనలనే అంటాం కదా.

గుండెను అలా ఎవరూ కదిలించనక్కరలేదు. డిగ్రీ చదివే రోజుల్లో కోఠీ దగ్గరి మా కళాశాల ప్రయోగశాలలో, మెదడు నుంచి వచ్చే నరాలన్నీ తెగిపోయిన కప్ప గుండె, చింతగింజంతది, రింగర్ ద్రావణం (శరీర ద్రవాన్ని పోలిన ఉప్పునీరు) పోసిన గాజు పళ్లెంలో తన మానాన తాను ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండటం చూసి, మేము గంట కొట్టినా కదలలేదు.

మనిషి గుండెలో ఈ పనికి మూలం కుడి కర్ణిక (గుండె పై గది) పైభాగంలోని సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణాల గుంపు. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దీనిని వర్ణించారు. మన పాఠ్యపుస్తకాలు లయారంభకం అంటాయి. దీని కణాలకు కుదురైన విశ్రాంతి అంటూ లేదు. కణపొర వోల్టేజి సుమారు −60 మిల్లీవోల్టులకు దిగగానే సోడియం అయాన్లు మెల్లగా లోపలికి జారుతూ దానిని పైకి తెస్తాయి. సుమారు −40 దగ్గర కాల్షియం ద్వారాలు తెరుచుకుని సంకేతం పుడుతుంది. ఆపైన పొటాషియం బయటికి పోగా కణం మళ్లీ మొదటికి వస్తుంది. ఊరక కూర్చున్న మనిషిలో సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు జరిగేది ఇదే. నాడులు ఆ వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, పుట్టించవు. కాబట్టి కడుక్కొను, దువ్వుకొను వంటి మాటల్లో తనకు తానే చేసుకోవడాన్ని చెప్పే ‘కొను’ ఉన్న ‘కొట్టుకొను’ అన్నదే సరైనదని నా అభిప్రాయం.

ఒక సభ్యురాలి జవాబు:
‘కొను’ చేరినంత మాత్రాన చేసేది తానేనని చెప్పలేమండీ. గాలికి తలుపు కొట్టుకుంటుంది. కొట్టేది గాలి, పాపం తలుపు కాదు. ఇంకొక మాట, మీరు ‘నాడులు’ అన్నారు. మా ఇంట్లో పెద్దవారికి నాడి అంటే మణికట్టు దగ్గర పట్టి చూసేదే. మీ కరపత్రం చదివేవారు తికమకపడతారేమో చూడండి.

నా సమాధానం:
తలుపు మాట ఒప్పుకుంటున్నానండీ. నిజానికి గుండె గోడల్లోని కండర కణాలు ఆ తలుపు వంటివే. జఠరికల (గుండె కింది గదుల) కణాలు −90 మిల్లీవోల్టుల దగ్గర కదలక మెదలక ఉండి, కణానికీ కణానికీ మధ్య ఉన్న సన్నని దారుల గుండా పొరుగు కణం నుంచి విద్యుత్తు అందినప్పుడే ముడుచుకుంటాయి. అందులోనూ ఒక ఏర్పాటుంది: కర్ణికల నుంచి దిగే సంకేతం కర్ణికా జఠరికా కణుపు దగ్గర సుమారు 0.1 సెకను నిదానిస్తుంది కనుక, జఠరికలు రక్తంతో నిండిన తరువాతే ముడుచుకుంటాయి. అంటే కణుపు కొట్టుకుంటుంది, గోడలు స్పందిస్తాయి. రెండు మాటలకూ చోటుంది. కరపత్రం శీర్షికలో ‘గుండె కొట్టుకోవడం’ అని, కండరాన్ని గురించిన వాక్యంలో ‘స్పందించు’ అని ఉంచి, ‘నాడులు’ కొట్టివేసి ‘నరాలు’ అని రాశాను.