తోటపాలెంలో వీధి పిల్లులు, పట్టించి దూరంగా వదిలేస్తామంటున్నారు, ఏం చేయాలి?

తోటపాలెం వాసి:
విజయనగరం తోటపాలెంలో మా సందు చివర పాడుబడ్డ పెంకుటింట్లో పిల్లులు చేరాయి. ఎవరూ పెంచినవి కావు, మనిషి కనబడితే గోడ దూకి పారిపోతాయి. రెండు ఆడపిల్లులు మళ్ళీ చూలుతో ఉన్నట్టున్నాయి. రాత్రంతా అరుపులు, మేడ మీద ఎండబెట్టిన వడియాల పక్కనే మూత్రం కంపు, దాంతో ఎదురింటి మామ్మగారు గోనెసంచుల్లో పట్టించి నెల్లిమర్ల అవతల వదిలించేస్తానంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. రోజూ పాలు పోస్తున్నాను. ఇంకేం చేయాలి?

పశువైద్య విద్యార్థిని, గరివిడి:
పాలు ఆపేయండి, పెద్ద పిల్లులు చాలావాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచినీళ్ళు పెట్టండి. దూరంగా వదిలితే అవి తిండి దొరక్క చస్తాయి, ఇక్కడ తిండీ నీడా అలాగే ఉన్నాయి కాబట్టి వేరే పిల్లులు వచ్చి చేరతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్ళీ అక్కడే వదలడమే దారి. నాలుగైదు నెలలకే ఎదకొస్తాయి, చూలు 9 వారాలే, పిల్లలకు పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టగలవు, అందుకే ఆలస్యం చేయొద్దు. ఆపరేషనైతే అరుపులూ, మగవి మూత్రం చిమ్మడం కూడా బాగా తగ్గుతాయి. మత్తులో ఉండగానే చెవి కొస కొంచెం కత్తిరించమనండి, అదే పిల్లిని మళ్ళీ పట్టుకోకుండా గుర్తు. మా కాలేజీ ఆసుపత్రి మీకు దూరం కాదు, ముందు ఫోన్ చేసి కనుక్కుని రండి.

శ్రీకాకుళం అన్న:
చేత్తో పట్టకండి, గోనెసంచి అసలొద్దు. బోను తలుపు మూసుకోకుండా కట్టేసి కొన్నాళ్ళు అందులోనే తిండి పెట్టండి, పట్టే ముందు రాత్రి మాత్రం ఏమీ పెట్టకుండా పొద్దున్నే ఉప్పు లేకుండా ఉడికించిన చేప పెడితే ఆకలి మీద లోపలికొస్తాయి. పడగానే దుప్పటి కప్పండి, చీకట్లో నిమ్మళిస్తాయి. కరిస్తే, రక్కితే 15 నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్ళాలి. జ్వరమేమో అని పారాసిటమాల్ ఇవ్వకండి, పిల్లికి అది విషం.

కొత్తపేట అక్క:
మామ్మగారి బాధా నిజమే కదా. పిల్లుల్ని చంపినా, అవయవాలు పోయేలా కొట్టినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ వరకు జైలు ఉంది, కానీ ముందే ఆ మాటెత్తితే ఆవిడ మొండికేస్తారు. ఆ పెంకుటింటి మూల ఇసుక పోయించండి, పిల్లులు అక్కడికే పోతాయి. తిండి ఒకే వేళకి పెట్టి, తినగానే పళ్ళేలు తీసేయండి. ఆవిడ వడియాలకి ఒక వల మీరే కొనివ్వండి, ఆ తర్వాత ఆపరేషన్ సంగతి చెబితే వింటారు.

తోటపాలెం వాసి:
ఇసుక రేపే పోయిస్తాను. చూలుతో ఉన్నవాటికి ఇప్పుడు చేయించొచ్చా?

పశువైద్య విద్యార్థిని, గరివిడి:
అది డాక్టర్ గారు చూసి చెప్పాలి. మీరు మాత్రం మిగతావాటితో మొదలుపెట్టండి. ఈలోగా ఈనేస్తే కూనల దగ్గరికి మాటిమాటికీ పోకండి, ఏడిళ్ళు తిప్పుతుందంటారే, భయపడితే నిజంగానే చోటు మార్చేస్తుంది. కూనలు తిండి మొదలుపెట్టాక రోజూ దగ్గర కూర్చుని మచ్చిక చేసుకోండి, రెండు నెలలు నిండాక పెంచుకునేవాళ్ళకి ఇవ్వొచ్చు, తల్లికి అప్పుడు ఆపరేషన్ చేయిద్దాం.